బ్యాటరీ నిండుగా ఉన్నా బండి ఎందుకు కదలదు?

ఎలక్ట్రిక్ సైకిల్ కదలడం లేదా? కంట్రోలర్ పోయిందనుకునే ముందు బ్రేక్ లివర్ చూడండి. బ్రేక్ పట్టగానే మోటారుకు కరెంటు ఆపే స్విచ్ చాలా బండ్లకు అక్కడే ఉంటుంది. అది ఇరుక్కుంటే అంతే సంగతులు!

కంట్రోలర్ బ్యాటరీ కరెంటును మోటారులోని మూడు తీగచుట్టలకు వంతులవారీగా పంపుతుంది. ఎవరి వంతో హాల్ సెన్సర్లు చెబుతాయి. ఒకటి పాడైతే చక్రం తిరగకుండా వణకొచ్చు. వంతులు మార్చేవి మాస్‌ఫెట్ స్విచ్‌లు, కనీసం 6. ఒకటి కాలి షార్టయితే, గేర్లు లేని హబ్ మోటారు చక్రం చేతికి బరువుగా, ఆగి ఆగి తిరుగుతుంది. ఎందుకు? తిరిగే మోటారు తానే జనరేటరవుతుంది. షార్టు గుండా పారే ఆ కరెంటే చక్రాన్ని అడ్డుకుంటుంది.

బ్యాటరీ తీసి, కంట్రోలర్ నుంచి మోటారుకు వెళ్లే మూడు లావు తీగలు విడదీశాక చక్రం తేలిగ్గా తిరిగిందా? తప్పు కంట్రోలర్‌దే. లేదంటే మోటారువైపు చూడాలి. బ్యాటరీ తీశాక కూడా కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో ఛార్జి మిగులుతుంది, పెద్దలు పక్కన లేకుండా దాన్ని విప్పకండి.