ప్రక్కవాద్యము

సంగీత సభకు పోయి వచ్చినవారిని "ఎవరి కచేరి?" అని అడుగుదుము. వారు గాయకుని పేరు చెప్పుదురు. ప్రక్కన కూర్చుండి వాయులీనము, అనగా ఫిడేలు, వాయించినవారిని గూర్చి అడుగువారు అరుదు. ఇది న్యాయము కాదు.

గాయకుడు రాగమును ఆలపించునపుడు తరువాతి సంగతి ముందుగా వ్రాసి ఉంచుకొన్నది కాదు. అది అప్పటికప్పుడు పుట్టును. దీనినే మనోధర్మ మందురు. ఫిడేలు విద్వాంసుడు దానిని విన్న క్షణముననే నీడవలె అనుసరింపవలెను. గాయకుడు ఆగినంతనే తన వంతు రాగమును తానే కల్పింపవలెను. కల్పనస్వరములకు మరుక్షణమే బదులు చెప్పవలెను. తప్పినచో దిద్దుకొనుటకు వ్యవధి లేదు. గాయకుని మించి వాయించినను దోషమే! ఎంత కఠినమైన వ్రతమో చూడుడు.

మామిడితోటల నూజివీడు ఉన్న నేటి ఏలూరు జిల్లాలోనే, సోమవరప్పాడున, 1926లో అన్నవరపు రామస్వామిగారు జన్మించిరి. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి శిష్యులైరి. తమ సహాధ్యాయి మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు మొదలైన పెక్కుమందికి ప్రక్కవాద్యము వాయించిరి. 2021లో పద్మశ్రీ పురస్కారము లభించునప్పటికి వారు తొంబదియేండ్లు దాటినవారు!

అమెరికాలోని నల్లజాతివారు సృష్టించిన జాజ్ సంగీతమునకును అప్పటికప్పుడు కల్పించుటయే ప్రాణము. అందు ఫ్రెడ్డీ గ్రీన్ అను గిటారు విద్వాంసుడు 1937 మొదలు 1987లో మరణించువరకు కౌంట్ బేసీ వాద్యబృందమునకు లయ నిలిపెను. తాను ఒంటరిగా వాయించుట బహు అరుదు.

ఈసారి కచేరికి పోయినపుడు ఒక్క రాగమైనను ఫిడేలునే గమనింపుడు. గాయకుడు ఊపిరి పీల్చుకొనునంతలోనే కమాను తంతిపై సిద్ధముగా నుండుట రికార్డులో వినబడదు, సభలో కనబడును.