పుట దిద్దిన చేతికి ఒక మాట

ఏదో పాత తెలుగు మాటకు అర్థం కావాలనో, చిన్నప్పుడు విన్న పద్యం మిగతా పాదాలు గుర్తుకు రావడం లేదనో ఫోన్‌లో వెతుకుతాం. క్షణంలో వందేళ్ల నాటి పుస్తకంలోని పుట ఒకటి తెరుచుకుంటుంది. కావలసింది చూసుకుని వెళ్లిపోతాం. ఆ పుట అక్కడికి ఎలా వచ్చిందన్న ఆలోచన చాలామందికి రాదు. వస్తే, దాని వెనక ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేని కొందరు మనుషులు కనిపిస్తారు.

తెలుగు వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలు అందులో చేరుతుంటాయి. మన దేశంలో మామూలుగా రచయిత మరణించిన తరవాత 60 ఏళ్లకు ఆ గడువు తీరుతుంది. ముందుగా పుస్తకాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తారు. స్కాన్ అంటే పుట ఫోటోయే. దాంట్లో మాట వెతకలేం. చిన్న తెరమీద అక్షరం పెద్దది చేస్తే వాక్యం పక్కకు జారిపోతుంది. చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించాలంటే ఆ బొమ్మ ఎందుకూ పనికిరాదు. బొమ్మలో ఉన్నది పాఠ్యం కావాలి. అక్కడే మనుషుల పని మొదలవుతుంది.

బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసిపెట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా అనవచ్చు. ఉంది, చాలా మేలూ చేస్తోంది. కానీ పాత తెలుగు అచ్చు దానికి అంత సులువుగా లొంగదు. కాగితం మాసి ‘ధ’ కింద ఉండే చిన్న గీత చెరిగిపోయిందనుకోండి. ‘ధార’ కాస్తా ‘దార’ అవుతుంది. ప్రవాహం ఉన్నచోట భార్య వచ్చి కూర్చుంటుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి యంత్రానికి తప్పు కనిపించదు. ‘వాఁడు’లోని అరసున్న ఒకచోట మాయమవుతుంది, ఇంకోచోట ఇంగ్లీషు సీ అక్షరంగా మారుతుంది. వత్తులు పక్క వరుసలోకి దిగిపోతాయి. పాత పుస్తకాల్లో వరుస చివర మాట సగానికి విరిగి, మిగతా సగం కింది వరుసలో ఉంటుంది. ఆ రెండు ముక్కలూ కలపాలంటే అక్కడ ఉన్నది ఏ మాటో తెలిసిన మనిషి కావాలి.

ఆ మనిషి చేసే పని ఇలా ఉంటుంది. తెరమీద ఒకపక్క స్కాన్ బొమ్మ, మరోపక్క యంత్రం ఇచ్చిన పాఠ్యం. రెండూ వరుస వరుసా పోల్చి చూస్తూ తప్పు దొరికినచోట దిద్దాలి. పుట మొత్తం అయ్యాక కింద రంగుల గుర్తులుంటాయి. ఎర్రరంగు అంటే ఇంకా ఎవరూ దిద్దని పుట. దిద్దినవారు దాన్ని పసుపుకు మారుస్తారు. ఆ తరవాత ఇంకొకరు వచ్చి, మొదటివారి కంటికి తప్పించుకున్నవి కూడా సరిచేసి ఆకుపచ్చకు మార్చాలి. అప్పటికిగాని పుట పూర్తయినట్టు కాదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే నియమం ఒకటుంది. పసుపు చేసినవారే ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. వారికి అసలు ఆ గుర్తే కనిపించదు. ఎంత పండితులైనా, ఎన్ని వేల పుటలు దిద్దినవారైనా తమ పుటకు రెండో మనిషి కోసం ఆగాల్సిందే. తన తప్పు తన కంటికి ఆనదని అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దినవారందరికీ తెలుసు. ఆ అనుభవాన్నే ఇక్కడ నియమం చేశారు. దాంతో పుస్తకం పూర్తికావడానికి ఇద్దరు కావాలి. ఎక్కడో ఉన్న రెండో మనిషి మీద నమ్మకంతోనే మొదటి మనిషి పని మొదలుపెడతాడు.

పల్లెల్లో రైతు కుటుంబాలు నాట్లకూ కోతలకూ ఒకరి చేలోకి ఒకరు బదులు వెళతారు. ఈరోజు మీ చేలో మేం, రేపు మా చేలో మీరు. అక్కడ ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీయో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. నేను చదువుకున్న పుటను దిద్దినవారికి నేను తిరిగి చేయగలిగింది ఏమీ ఉండకపోవచ్చు. నేను దిద్దే పుట ఇంకెవరికో అందుతుంది. బాకీ ఒకచోట, చెల్లింపు మరోచోట. అందుకే ఇలాంటి చోట్ల కృతజ్ఞతను మాటల్లో చెప్పడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

మన ఇళ్లలో దగ్గరివారికి కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు తక్కువ. చెబితే పరాయివాళ్లను చేసినట్టు నొచ్చుకుంటారు కూడా. వేళకు గ్లాసుడు కాఫీ అందించడంలో, ‘అన్నం తిని వెళ్లు’ అనడంలో అది తెలిసిపోతుంది. ముఖం, గొంతు, చేతి స్పర్శ ఉన్నచోట మాట అక్కర్లేదు. అవేవీ లేనిచోట మాట ఒక్కటే మిగులుతుంది. అదీ లేకపోతే, గంటసేపు కూర్చుని వత్తులు సరిచేసిన మనిషికి తన పనిని ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు.

దీనికి పరిశోధనల ఆధారం కూడా ఉంది. వికీపీడియాలో మంచి పని చేసినవారికి తోటివారు ‘పతకం’ ఇచ్చే ఆచారం ఉంది. దానికి డబ్బు విలువ లేదు. వారి చర్చ పేజీలో ఒక బొమ్మ పెట్టి రెండు మంచి మాటలు రాస్తారు, అంతే. మైఖేల్ రెస్టివో, ఆర్నౌట్ వాన్ డి రైట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు వికీపీడియాలో బాగా పనిచేసేవారిలోంచి కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి పతకాలిచ్చారు. ఇవ్వనివారితో పోలిస్తే పతకం అందినవారి పని 60 శాతం పెరిగిందని 2012లో ప్రకటించారు. జర్మన్ వికీపీడియాలో కొత్తవారి మీద యానా గాలుస్ చేసిన ప్రయోగం నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. అక్కడ ఇచ్చింది ఎడెల్‌వైస్ పువ్వు పేరున్న ఒక చిన్న గుర్తింపు. అది అందుకున్న కొత్తవారిలో మరుసటి నెల కూడా పని కొనసాగించినవారు, అందనివారికంటే 20 శాతం ఎక్కువ. 2017లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం ఆ తేడా ఏడాది పాటు నిలిచింది.

పాతకాపులు ఎలాగూ ఉంటారు. నిలబెట్టుకోవలసింది కొత్తవారిని. ఇంగ్లీషు వికీపీడియాలో చురుకుగా రాసేవారి సంఖ్య 2007లో గరిష్ఠానికి చేరి, తరవాత తగ్గుముఖం పట్టింది. కారణాలు వెతికినవారికి ముఖ్యంగా కనిపించింది కొత్తవారి మార్పులను తీసేసే ధోరణి. మొదటిసారి భయపడుతూ ఒక వాక్యం చేర్చిన మనిషికి మర్నాడు అది కనిపించదు, ఎందుకు తీసేశారో చెప్పే నాథుడూ ఉండడు. ఆ మనిషి మళ్లీ రాడు. తప్పు దిద్దడం తప్పేమీ కాదు. ‘చేర్చినందుకు సంతోషమండీ, ఆధారం కూడా ఇస్తే నిలుస్తుంది’ అని ఒక్క ముక్క రాస్తే అదే మనిషి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. తెలుగు వికీపీడియాలో ముచ్చటించుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ వాడుకరులు ఒకరినొకరు ‘గారూ’ అని పిలుచుకుంటారు. వ్యాసం గురించి మొదలైన మాటలు స్నేహాలుగా మారేది ఆ మర్యాద వల్లనే.

వికీపీడియాకు ఎంతో ముందే తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని కొమర్రాజు లక్ష్మణరావు పడ్డ శ్రమను ఇక్కడ తలచుకోవాలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు ఆయనకు తోడున్నారు. అయినా 1923లో ఆయన మరణించేనాటికి మూడు సంపుటాలే వచ్చాయి. అవి ‘అ’ అక్షరం దాటలేదు. తరవాత ఆ బరువును కాశీనాథుని నాగేశ్వరరావు తలకెత్తుకున్నారు. అంతటి దీక్షాపరులకే ఆ భారం ఎక్కువైందంటే, అది కొద్దిమంది భుజాల మీద ఉంచదగిన పని కాదని అర్థమవుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఈరోజు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో చిన్నవీ ఉన్నాయి, ఇంకా సరిచేయాల్సినవీ ఎన్నో ఉన్నాయి. జీతం లేకుండా తలా ఒక చెయ్యి వేస్తేనే అంతవరకు వచ్చింది. తమ పురస్కారానికి తెలుగు వికీ మిత్రులు కొమర్రాజు పేరే పెట్టుకున్నారు. ఆ ఎంపిక ఎంతో సముచితమని నా అభిప్రాయం.

పెద్ద పని చేసినవారికి పురస్కారాలు అందుతాయి. అక్షరదోషం దిద్దినవారికి, తేదీ సరిచేసినవారికి, పుట పసుపు చేసినవారికి అవి అందవు. వారి కోసం ఒక చిన్న ఏర్పాటు ఉంది. ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఏ మార్పు చేశారో అందులో వరుసగా కనిపిస్తుంది. ఖాతా తెరుచుకుని లోపలికి వెళితే ఆ మార్పుల పక్కన ధన్యవాదాలు చెప్పే లంకె ఉంటుంది. దాన్ని నొక్కితే అవతలివారికి కబురు అందుతుంది. ఇది వికీల్లోకి 2013లో వచ్చింది. ఎవరు ఎవరికి ధన్యవాదాలు చెప్పారన్నది చిట్టాలో అందరికీ కనిపిస్తుంది, ఏ మార్పుకో మాత్రం కనిపించదు. పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఖాతా తెరవడానికి డబ్బు కట్టక్కర్లేదు, అసలు పేరు చెప్పక్కర్లేదు. తెలుగు చదవడం, టైపు చేయడం వస్తే చాలు. ఈ వారం తెలుగు వికీసోర్స్‌లో మీకు ఇష్టమైన పుస్తకం ఒకటి తెరవండి. పసుపురంగులో ఉన్న పుట ఒకటి ఎంచుకుని బొమ్మతో పోల్చి చదవండి. తప్పుంటే దిద్ది, ఆకుపచ్చ చేయండి. తరవాత చరిత్రలోకి వెళ్లి, మీకంటే ముందు ఆ పుట దిద్దినవారికి ధన్యవాదాలు చెప్పండి.