జీతం మనది, హుకుం ఇంకొకనిది: గది ఎవల ఫౌజు?

బాన్సువాడల తెల్లారకముందే రన్నింగ్ కొట్టే పోరగాళ్లల్ల ఒకడు మొన్న అడిగిండు: "అన్నా, ఉక్రెయిన్, రష్యా ఒకప్పుడు ఒక్కటే గదా. విడిపోయినప్పుడు మిలిటరీని ఎట్ల పంచుకున్నరు?"

మంచిగ అడిగిండు. పొలం లెక్క నడుమ గట్టు పెట్టి పంచుకునేది కాదు ఫౌజు.

1991ల సోవియట్ యూనియన్ 15 దేశాలైంది. ఉక్రెయిన్ ఆగస్టు 24న స్వతంత్రం ప్రకటించుకునేటాలకు ఆ గడ్డ మీద ఏడు లక్షలకు పైనే సైనికులున్నరు. ట్యాంకులు, అణుబాంబులు సుత ఆడనే. హుకుం మాత్రం మాస్కోది. ఆఫీసర్లల్ల రష్యావోళ్లు శానామంది. అందుకే కొత్త సర్కారు 1992 జనవరి నుంచి సైనికులను నిలబెట్టి ఉక్రెయిన్ ప్రజల పేరు మీద ప్రమాణం చెయ్యిమన్నది. చేసినోళ్లు ఉన్నరు, చెయ్యనోళ్లు మూటముల్లె సదురుకొని పోయిండ్రు. నల్లసముద్రం నౌకాదళం పంచాయితి మాత్రం 1997 దాకా తెగలే. తెగినంక సుత రష్యా ఓడలు క్రిమియాలనే ఉండె. 2014ల ఆ క్రిమియా ఏమైందో మీకెర్కే.

గీ ముచ్చట మనకు కొత్తది గాదు. 1798ల నిజాం ఇంగ్లీషోళ్లతోని సైన్య సహకార ఒప్పందం చేసుకున్నడు. ఫౌజు ఉండేది మన గడ్డ మీద, ఖర్చు నిజాంది, హుకుం కంపెనీది. నిజాం ఖజానా అంటే ఏంది? మన రైతులు కట్టిన శిస్తే గదా! ఆ ఖర్చు కిందనే 1800ల బళ్లారి, అనంతపురం, కడప ఇలాకాలు కంపెనీకి రాసిచ్చిండు. ఇయ్యాల రాయలసీమ అనేది గదే, బళ్లారి ఒక్కటి కర్ణాటకకు పోయింది. తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో ఫౌజు. దాని బాకీ పేరు జెప్పి 1853ల బేరార్ గుంజుకున్నరు. ఇంత జేస్తే, 1857 తిరుగుబాటుల ఆ కంటింజెంట్ నిలబడ్డది ఇంగ్లీషోళ్ల దిక్కే! దాని వారసత్వం నుంచి వచ్చిన హైదరాబాద్ రెజిమెంట్ 1945ల కుమావూ రెజిమెంట్ అయింది. పేర్ల సుత మనం లేకుంట పోయినం.

నిజాంకు సొంత ఫౌజు వేరేగ ఉండె, ఇరవై వేల చిల్లర. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం దిగితే ఐదు రోజులకే కూలింది. 18న సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరి ముందట లొంగిపోయిండు. తుపాకులు తక్కువుండుడు ఒక్కటే కారణం గాదు, నా లెక్కల. ఊళ్లల్ల జనం ఆ ఫౌజును తమది అనుకోలే. పోనీ, వచ్చిన ఫౌజన్న జనం దిక్కు ఉన్నదా? భూములు పంచుకున్న రైతుల మీదికి మళ్లింది. 1951 అక్టోబర్ల సాయుధ పోరాటం విరమించేదాక గదే కథ.

ఇయ్యాల మన సైనికుడు ప్రమాణం చేసేది రాజ్యాంగం మీద. రాజు మీద గాదు, పార్టీ మీద గాదు. రన్నింగ్ కొట్టే తమ్ముళ్లు ఆ ప్రమాణం ఒక్కపారి చదువుకోండ్రి.

హెల్పర్ పని, మంచి జీతం అని ఏజెంట్లు రష్యాకు తోల్కపోయిన మన పోరగాళ్లకు ఆ అవకాశం సుత రాలే. వాళ్లు సంతకం పెట్టిన కాయితాలు రష్యన్ భాషల ఉండె. అది మిలిటరీ కాంట్రాక్టని తెలిసేటాలకు చేతికి తుపాకి వచ్చింది. హైదరాబాద్ పోరడు ఒకడు ఆ యుద్ధంల పానం ఇడిసిండని 2024 మార్చిల మన ఎంబసీ చెప్పింది. నారాయణపేట పిలగాడు అదే ఏడు సెప్టెంబర్ల ఇల్లు జేరిండు.