అంకెలతో నడచు మిల్లింగ్ యంత్రము

మధిరలో వడ్రంగి ద్వారబంధముపై లతను చెక్కుట చూచినవారికి ఒక విషయము తెలియును. ఉలిని చేయి నడుపుచుండగా కన్ను దానిని క్షణక్షణము సరిచూచుచుండును. చెక్కలో ముడి తగిలి ఉలి జారినచో చేయి వెంటనే ఆగును. ఈ పనిని యంత్రము చేయవలెనన్న చేయి, కన్ను, ఆ రెంటిని నడపు బుద్ధి దానికి కావలెను. నేడు ఔత్సాహికులు ఇంటనే నిర్మించుకొను చిన్న మిల్లింగ్ యంత్రములలో సాధారణముగా ఈ మూటిలో రెండే కలవు. లేనిదేదో తెలిసికొనుట చాల ముఖ్యము.

మిల్లింగ్ యంత్రములో కట్టరు వేగముగా తిరుగుచుండగా, బల్లపై బిగించిన చెక్కగాని అల్యూమినియముగాని దాని క్రింద జరుగును. కుడియెడమలకు ఒకటి, ముందువెనుకలకు ఒకటి, పైకి క్రిందికి ఒకటి చొప్పున మూడు మరలు ఈ కదలికలను కలిగించును. పూర్వము ఈ మరలను చేతిచక్రములతో త్రిప్పెడివారు. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో, కాగితపు పట్టీపై చిల్లులుగా పొడిచిన అంకెల ననుసరించి మరలు తిరుగు యంత్రమును ప్రదర్శించిరి. కాని అట్టి నియంత్రణ సాధనములు చాలకాలము పెద్ద కర్మాగారములకే అందుబాటులో ఉండెను.

ఈ స్థితి మారుటకు రెండు కారణములు కలవు. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 1990 దశకములో యంత్రములను నడపు సాఫ్టువేరు నొకదానిని వ్రాయించి ప్రజలపరము చేసినది. దానిని స్వచ్ఛంద కార్యకర్తలు పెంచి పోషించిరి. అదియే నేటి లినక్స్‌సిఎన్‌సి. 2009లో నార్వే దేశస్థుడు సైమెన్ స్కోగ్‌స్రూడ్, ఆర్డ్వినో అను చౌకయైన చిన్న పలకపై నడచు గ్రబుల్ అను సాఫ్టువేరును వెలువరించెను. వీనిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, లోపలి వ్రాతను చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును.

ఇక ఈ బుద్ధి పనిచేయు తీరు చూతము. మరను త్రిప్పు స్టెప్పరు మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగును. దానిని నడపు పలక ఒక్కొక్క అడుగును 8 భాగములు చేసినచో చుట్టునకు 1600 అడుగులగును. చుట్టునకు బల్ల 5 మిల్లీమీటర్లు జరుగునట్టి మర యున్నచో, ఒక మిల్లీమీటరునకు 320 అడుగులు. సెకనుకు 10 మిల్లీమీటర్లు జరుగవలెనన్న మోటారునకు సెకనులో 3200 విద్యుత్ స్పందనములను తప్పక అందింపవలెను.

ఏటవాలు గీతను కోయుట ఎట్లు? కుడికి 40, ముందుకు 30 మిల్లీమీటర్లు పోవలె ననుకొందము. మొదటి మరకు 12800, రెండవ మరకు 9600 అడుగులు కావలెను; అనగా నాలుగింటికి మూడు. మొదటి మర అడుగు వేసినప్పుడెల్ల ఒక లెక్కకు 3 కలుపవలెను. మొత్తము 4 గాని అంతకు మించిగాని అయినచో రెండవ మరచే ఒక అడుగు వేయించి 4 తీసివేయవలెను. భాగహారము లేకయే, కూడికలు తీసివేతలతో గీత సిద్ధించును. 1962లో ఐ.బి.యం. సంస్థలో జాక్ బ్రెసెన్‌హామ్, పటములు గీయు యంత్రము కొరకు రూపొందించిన పద్ధతి ఇట్టిదే. గ్రబుల్ ఈ పద్ధతినే వాడుకొనుచున్నది.

చేయి కలదు, బుద్ధి కలదు. లేనిది కన్ను. సాఫ్టువేరు 3200 స్పందనములు పంపినది గాన బల్ల 10 మిల్లీమీటర్లు జరిగినదనియే అది తలచును. కట్టరు చెక్కలో బిగిసి మోటారు కొన్ని అడుగులు తప్పినను దానికి తెలియదు. అటుపిమ్మట పని యంతయు పక్కకు జరిగిపోవును. మరకును నట్టుకును నడుమ 0.2 మిల్లీమీటరు వదులున్నచో, దిశ మారినప్పుడెల్ల 64 అడుగులు వృథాయగును. కరెంటు పోయి వచ్చినచో తా నెక్కడ నున్నదో యంత్రమునకు తెలియదు. అందుచే అంచులలో స్విచ్చులు అమర్చి, బల్లను వాని వరకు నడిపి మరల మొదటినుండి లెక్క పెట్టింపవలెను.

ఈ కన్ను కొరత తీర్చవలసినవాడు మనుష్యుడే. బడి ప్రయోగశాలలోని వెర్నియరు కాలిపరు ఇందుకు చాలును. 50 మిల్లీమీటర్ల చతురస్రమును కోయించి నాలుగు వైపులను, రెండు కర్ణములను విద్యార్థులచే కొలిపింపవలెను. కర్ణములు సమముగా లేనిచో రెండు దిశలు లంబముగా లేవని అర్థము. అది సాఫ్టువేరు దోషము కాదు, చట్రమును సరిచేయవలెను. ప్రాణరక్షణ విషయములోను ఇదే నియమము. ఆపత్కాలపు మీట సాఫ్టువేరునకు కబురు పంపునదిగా కాక, కట్టరు మోటారునకు, మరల మోటార్లకు విద్యుత్తును నేరుగా తెంచునదిగా ఉండవలెను. యంత్రము నడచునప్పుడు కండ్లకు అద్దములు తప్పనిసరి.

ఎందరో స్వచ్ఛందముగా వ్రాసి యిచ్చిన బుద్ధి నేడు ఏ పల్లె బడికైనను ఉచితముగా లభించుచున్నది. చట్రమును దృఢముగా నిర్మించుట, కోసిన ప్రతి ముక్కను కొలిచి చూచుట మాత్రము ఎవరికి వారు చేసికొనవలసిన పనులు.