చప్పుళ్ళ భాండాగారమున వెదకుట

గ్రంథాలయమనగా నేమో మన గ్రామముల పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. బీరువాలు, వానిలో వరుసగా పుస్తకములు, ఆ పుస్తకముల పేర్లు వ్రాసిన పట్టిక యొకటి. పుస్తకములకు మారుగా ఒక్కొక్క అరలో ఒక్కొక్క చప్పుడును దాచియుంచిన గ్రంథాలయము కలదనుకొనుడు. ఒక అరలో వాన, ఇంకొక అరలో బండి యిరుసు కిఱ్ఱుమనుట, వేరొక అరలో సన్నాయి పలికిన నాలుగు స్వరములు. ఇట్టివి నేడు నిజముగా నున్నవి. ఇంటర్నెట్టు మూలమున సోంపేటలో అరుగుమీద కూర్చున్నవాడును చేతిఫోనుతో వాని తలుపు తెరచి వినవచ్చును. తలుపు తెరచుట సులభమే. కావలసిన చప్పుడును వెదకి పట్టుట మాత్రము అంత సులభము కాదు. అది యేల కష్టమో, ఆ కష్టమునకును మన ఉద్దానమునకును సంబంధమేమో చెప్పుటయే ఈ ప్రసంగము.

చప్పుళ్ళు దాచుకొనవలసిన పని మొదట పడినవారిలో రేడియోవారు ముఖ్యులు. రేడియో నాటకమునకు తెర లేదు, దీపములు లేవు. రాజుగారి గుఱ్ఱము వచ్చినదని శ్రోతకు తెలియవలెనన్న గిట్టల చప్పుడే వినబడవలెను. స్టూడియోలోనికి గుఱ్ఱమును తోలుకొని రాలేరు గదా! అందుచేత రెండు కొబ్బరిచిప్పలను బోర్లించి బల్లమీద తాటించెడివారు. పలుచని రేకును పట్టుకొని ఊపిన ఉరుము. ఎండు గింజలను జల్లెడలో దొర్లించిన వాన. ఇదంతయు చేతిపని. పిమ్మట నిజమైన చప్పుళ్ళనే పట్టి గ్రామఫోను రికార్డులలోను, టేపులలోను భద్రపరచిరి. ఇంగ్లండులోని బీబీసీవారు అట్లు పోగుచేసినవానిలో 16,000 చప్పుళ్ళను 2018లో ఇంటర్నెట్టునందు అందఱికి వినిపించిరి. తరువాత ఆ సంఖ్య 33,000 దాటినది. అంతకు ముందే, 2005లో, స్పెయిను దేశపు బార్సిలోనా నగరమున పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమువారు ఫ్రీసౌండ్ అను భాండాగారమును నెలకొల్పిరి. దీని పద్ధతి వేరు. ఇందులో చప్పుళ్ళను దాచువారు ఉద్యోగులు కారు. లోకమున నెవరైనను తాము పట్టిన చప్పుడును తెచ్చి ఉంచవచ్చును. ఇప్పుడు అందు ఐదు లక్షలకు పైబడియున్నవి.

చప్పుడును ఎట్లు దాతురు? గాలిలోని కంపనమును యంత్రము సెకనుకు కొన్నివేల మార్లు కొలిచి ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనును. సంగీతపు బిళ్ళలకు సెకనుకు 44,100 కొలతలని నియమము. కనుక ఒక నిమిషము వాన యనగా ఇరువదియారు లక్షలకు మించిన అంకెలు. ఆ అంకెలను మరల వరుసగా చదివించినచో అదే వాన కురియును. అయితే ఆ అంకెల గుట్టలో ఎచ్చటను ‘వాన’ యను మాట లేదు. ఈ సంగతిని గట్టిగా మనస్సున నుంచుకొనవలెను. వెదకుటలోని చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మనము ‘వాన’ యని అడిగినప్పుడు భాండాగారము చప్పుళ్ళను విని చూడదు; చప్పుడునకు అంటించిన చీటీని చదువును. ఆ చీటీని వ్రాసినవాడు చప్పుడును తెచ్చినవాడే. వాడు ఏ భాషలో, ఏ మాటతో, ఏ వర్ణక్రమముతో వ్రాసెనో ఆ మాటనే మనమును అడిగినగాని ఆ అర తెరువబడదు. కావున వెదకుట యనగా, ఎన్నడును చూడని యొక మనుష్యుడు ఏ మాట వ్రాసియుండునో ఊహించుటయే.

ఒక పాఠశాలలో నాటకమాడ దలచిరనుకొందము. కథ బారువ రేవులో జరుగును. సముద్రఘోష కావలెను. ఉపాధ్యాయుడు ఇంగ్లీషున ‘సీ’ అని అడిగినచో వేలకొలది చప్పుళ్ళు వచ్చి పడును. మొదటిదానిని తీసికొని వినిపించినచో ఏమగును? అలలతోపాటు ఏదో చలిదేశపు సముద్రపక్షులు కీచుమని యరచును. ఆ రాళ్ళమీద నీరు చిమ్ముచప్పుడు వేరు. మన ఇసుకమీద అల విరిగి, నురుగుతో జారి, వెనుకకు పోవు చప్పుడు వేరు. పట్టణమున వినువానికి భేదము తెలియకపోవచ్చును గాని, బారువలో పుట్టినవాడు ముందువరుసలో కూర్చున్నచో నవ్వును. కాకికూతయు అంతే. మన యూరకాకియు ఇంగ్లండు కాకియు ఒక్క గొంతుకతో అరవవు. అందుచేత ‘సముద్రము’ అని యూరకుండక, ‘అలలు’, ‘ఇసుక’, ‘తీరము’, ‘ఇండియా’, ‘బంగాళాఖాతము’ అను మాటలను ఇంగ్లీషున ఒకదానివెంట నొకటి చేర్చి అడుగవలెను. ‘పక్షులు లేకుండ’ అని వలసినచో ఆ మాటకు ముందు తీసివేత గుర్తు నుంచిన చాలును. చాలచోట్ల ఆ చీటీలున్నవానిని యంత్రము వదలివేయును. చప్పుడు పొడవును కూడ నిర్ణయింపవచ్చును: అర నిమిషమునకు తక్కువైనవి అక్కరలేదనిన వడకట్టి యిచ్చును.

ఈ విషయమున పక్షుల భాండాగారము ఎక్కువ క్రమము గలది. 2005లోనే హాలెండునుండి మొదలైన జెనో-కాంటో అను దానిలో చీటీలు ఇష్టము వచ్చినట్లు వ్రాయుటకు వీలులేదు. పక్షి శాస్త్రనామము, దేశము, స్థలము, తేదీ, వేళ, ఆ కూత యెట్టిది (పాటయా, హెచ్చరికయా, పిల్ల ఆకలి కేకయా) ఇవన్నియు నింపవలెను. స్పష్టతనుబట్టి ‘ఏ’ మొదలు ‘ఇ’ వఱకు ఐదు తరగతులుగా విభజింతురు. టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చి చెట్లమీద గూళ్ళు కట్టుట మీలో పలువురు చూచియుందురు. ఆ గూడబాతును ‘గూడబాతు’ అని అడిగిన ఆ భాండాగారము పలుకదు. ‘పెలికనస్ ఫిలిప్పెన్సిస్’ అను శాస్త్రనామముతో అడిగినచో, అమెరికావాడు తెచ్చినను సింహళమువాడు తెచ్చినను ఆ జాతికూతలన్నియు ఒక్కచోట చేరును. పేరునకు ఒక కట్టుబాటు ఏర్పడినచో ఎంత మేలో చూడుడు. ఇంకొక మెలకువ: పెద్ద గూడబాతు చాలవఱకు మౌని; పెద్ద కొంగ ముక్కుతో టకటకలాడించును. చెట్లక్రింద మనకు వినబడు గోలలో ఎక్కువపాలు పిల్లలదే. కనుక ‘కూత’ అని గాక ‘పిల్ల ఆకలి కేక’ అను తరగతిలో వెదకవలెను. వస్తువును ఎఱిగినవాడే చక్కగా వెదకగలడు.

పక్షులకు లాటిను పేర్లున్నవి. మన వాద్యములకు అట్టి కట్టుబాటు లేదు. తప్పెటగుళ్ళు మన ఉత్తరాంధ్రపు సొత్తు. ఱొమ్మున రేకుతప్పెటలు కట్టుకొని, కాళ్ళ గజ్జెలతో చుట్టుతిరుగుచు పాడెడి ఆ గుంపు చప్పుడు ఒక్కమారు విన్నవాడు మఱవడు. దానిని ఇంగ్లీషు లిపిలో వ్రాయునప్పుడు ఒకడు ‘త’కు హకారము చేర్చును, ఒకడు చేర్పడు, ఒకడు రెండు మాటలుగా విడదీయును, ఒకడు కలిపివేయును, ఒకడు ‘ట’ను ఒత్తును. ఇన్నింటిలో ఒకదానితో అడిగినచో తక్కినవి దొరకవు. ‘జానపదము’, ‘డ్రమ్’ అను చీటీ మాత్రమే అంటించినవాడును ఉండును. అది ప్రపంచమందలి డోళ్ళన్నిటిలో కలిసిపోవును. సవరల పాటల సంగతియు ఇట్టిదే. మన కొండలలోని యీ జాతిపేరును కొందఱు సవర యనియు, ఒడిస్సా వైపు సౌర యనియు వ్రాయుదురు. ఆ భాషకై జీవితమును ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో వెలువరించిన తమ గ్రంథమున సొర యని దీర్ఘచిహ్నములతో వ్రాసిరి. ఈ మూడింటితోను అడుగవలెను. ఓపికగలవానికి దొరకును, ఒకమారు అడిగి ‘లేదు’ అనుకొని లేచిపోవువానికి దొరకదు.

పాత కంఠములు వినదలచువారికి ఒక చోటు చెప్పెదను. గ్రియర్సను దొరగారి భాషాసర్వే కొఱకు 1913 మొదలు 1929 వఱకు భారతదేశపు అనేక భాషలలో మాటలు పలికించి గ్రామఫోను రికార్డులలో పట్టిరి. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని కథను అన్ని భాషలవారిచేతను చెప్పించుట వారి పద్ధతి. అందు మన తెలుగును కలదు. చికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా భాండాగారమున అవి యిప్పుడు ఉచితముగా వినవచ్చును. అక్కడ భాషల పట్టిక కట్టియున్నది గనుక వెదకుట తేలిక. నూఱేండ్లనాటి గొంతులు అంత చక్కగా దొరకుచున్నవనిన, ఆనాడు పట్టిక వ్రాసిన గుమాస్తాల పుణ్యమే.

‘యంత్రమే విని పోల్చుకొనరాదా? చీటీల గొడవ యేల?’ అని యడుగవచ్చును. కొంత పోల్చుచున్నది. గూగులువారు 2017లో పదేసి సెకన్ల తునుకలు ఇరువది లక్షలకు పైగా కూర్చి, మనుష్యులచేత వినిపించి, 632 తరగతులుగా చప్పుళ్ళకు పేర్లు పెట్టించిరి. అట్టివానితో శిక్షణ పొందిన యంత్రము కుక్క మొఱుగును, పసిబిడ్డ యేడ్పును చీటీ లేకయే గుర్తించును. కాని ఆ తరగతుల పట్టికలో సితారు కలదు, తబలా కలదు. జముకు లేదు, తప్పెట లేదు. తనకు తెలియని పేరును యంత్రము కల్పింపలేదు. జముకుల కథలో తీగను లాగి మీటినప్పుడు తోలునుండి పలుకు ఆ గుబగుబను విని, తనకు తెలిసినవానిలో దగ్గఱిదేదో చెప్పి యూరకుండును. ఇది యంత్రము తప్పు కాదు. పట్టిక వ్రాసినవాడు జముకును విననే లేదు. పైగా చెవిపోలిక మనలనే మోసగించును. సలసల కాగు నూనెలో అప్పడము వేగుటకును, రేకుల కప్పుమీద వానకును కన్నులు మూసికొని భేదము చెప్పుట అనుభవశాలికి కూడ కష్టము.

దొరకిన చప్పుడును వాడుకొనుటకు ముందు దానిక్రింద వ్రాసిన షరతు చదువవలెను. ఫ్రీసౌండునందు మూడు విధములు. కొన్ని ఏ నియమమును లేక ఇచ్చినవి. కొన్ని తెచ్చినవాని పేరు చెప్పి వాడుకొనవలసినవి. కొన్ని వ్యాపారమునకు పనికిరానివి. బీబీసీవారివి చదువునకు, సొంతపనికి ఉచితము. వ్యాపారమునకు వేరుగా రుసుము కట్టవలెను. మనదేశపు చట్టమునుబట్టి ధ్వనిముద్రణపై హక్కు ప్రచురించిన తరువాత 60 సంవత్సరములుండును. పాడినవానికిని తన గానముపై వేరుగా హక్కు కలదని 1994లో చేసిన సవరణ చెప్పుచున్నది. కనుక ఊరిలో ఒక ముసలి గాయకుని పాట పట్టి లోకమునకు పంపబోవు కుఱ్ఱవాడు ముందుగా ఆయనను అడుగవలెను. ఆయన పేరు చీటీలో నుంచవలెను. నాలుగు క్షణముల తునుకయే గదా యని అనుకొనరాదు. పాటలు కట్టువారు కోరునది ఆ నాలుగు క్షణముల తునుకనే.

ఇక ఉద్దానపు మాట. నౌపడానుండి గుణుపురమునకు పోయెడి చిన్నరైలు మీకు జ్ఞాపకముండును. 1900లో పర్లాకిమిడి వఱకు వేసిన ఆ సన్నపట్టాలను 1931లో గుణుపురము వఱకు పొడిగించిరి. 2004లో వానిని పెఱికి పెద్దపట్టాలు వేయ నారంభించిరి. ఇప్పుడు ఆ దారిని పోవునది పెద్దబండియే; ఆ చిన్నబండి కూతను నేడు ఎవరును పట్టజాలరు. ఎవనియింటనైనను పాత టేపు మూలన పడియున్నచో అదియే ఆధారము. అట్లే 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. తాతలనాటి కొబ్బరితోటలు ఆ యొక్క రాత్రిలో నేలకూలినవి. చెట్లకు ప్రభుత్వము లెక్క కట్టినది; పరిహారమిచ్చినది. తోటలో గాలి చప్పుడునకు లెక్క యెవరు కట్టుదురు? ఎండుమట్టలు ఒకదానినొకటి రాచుకొనుచు, వాన పడుచున్నదా యని బయటికి వచ్చి చూచునట్లు చేసెడి ఆ గలగల, ఉద్దానమున పెరిగినవారికి నిద్రలో కూడ తెలియును. భాండాగారమున ‘కొబ్బరిచెట్లు, గాలి’ అని యడిగిన పరదేశపు తీరముల చప్పుళ్ళు దొరకును. వానిలో ఏదియు మన తోట కాదు.

తిత్లీ తరువాత నాటిన మొక్కలు ఇప్పుడు ఎదుగుచున్నవి. పొడుగురకము కాపునకు వచ్చుటకే ఆఱేడు సంవత్సరములు పట్టును. తాతలనాటి యెత్తు రావలెనన్న ఇంకెన్నియో యేండ్లు. లేతతోట చప్పుడు వేరు, మట్టలు నేలకు చేరువగా నుండును. ముదిరినకొలది చప్పుడు తలమీదికి పోవును. ఏటికొకమారు ఒకే తోటలో, ఒకే చోట నిలిచి పట్టినచో ఆ మార్పు వినబడును. చేతిఫోను చాలును. గాలి నేరుగా తగిలిన బరబర మనును గనుక మాట వినెడి రంధ్రముపై పలుచని గుడ్డ కప్పవలెను. రెండు నిమిషములకు తక్కువ గాకుండ పట్టి, ఆ సమయమున ఎవరును మాటలాడరాదు. పట్టిన పిమ్మట చివర ఒకరు తమ నోటితోనే ఊరు, తేదీ, వేళ, గాలి దిక్కు, చెట్ల వయస్సు చెప్పవలెను. చీటీ పోయినను గొంతు మిగులును. భాండాగారమున ఉంచునప్పుడు తెలుగు లిపిలో ఒకమారు, ఇంగ్లీషు లిపిలో వాడుకలోనున్న అన్ని వర్ణక్రమములతోను మఱియొకమారు వ్రాయవలెను. పటముపై స్థలమును గుర్తించు వీలు ఫ్రీసౌండునందు కలదు. ‘కొబ్బరి’ అని మాత్రమే వ్రాసి విడువక, ఉద్దానము, సోంపేట, శ్రీకాకుళము జిల్లా, 2018 తుపాను తరువాత నాటిన తోట, తూర్పుగాలి, తెల్లవారుజాము అని పూర్తిగా వ్రాయవలెను.