రోబో వచ్చాక పని ఎవరిది?

నాలుగడుగుల తెల్లటి రోబో. పేరు పెప్పర్. పాట పెట్టి చేతులు పైకెత్తుతుంది, పక్కకు చాపుతుంది. ఎదురుగా కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్లు దాన్ని చూసి చేతులు కదపాలి. జపాన్ వృద్ధాశ్రమాల్లో దానికి అప్పగించిన ఉద్యోగం ఇది, ఒకరకంగా డ్రిల్లు మాస్టారి పని. జేమ్స్ రైట్ అనే పరిశోధకుడు అలాంటి ఒక ఆశ్రమంలో ఉండి ఈ తంతును దగ్గర నుంచి గమనించాడు. పెప్పర్ పక్కన ఒక ఉద్యోగి నిలబడి, అది చేసేవన్నీ తానూ చేసి చూపించాల్సి వచ్చేది. ఉద్యోగులు చాలక తెచ్చిన యంత్రానికి మళ్లీ ఒక ఉద్యోగి తోడు.

కొత్త పరికరం రాగానే మనందరం అడిగే మొదటి ప్రశ్న, ఇది బాగా పనిచేస్తుందా అని. అది ఇంజనీరు ప్రశ్న, అవసరమైనదే. సమాజశాస్త్రం దాని పక్కన ఇంకొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఈ పని ఇంతకుముందు ఎవరు చేసేవారు? ఇప్పుడు ఎవరి మీద పడింది? వాళ్లకు జీతం ఉందా, ఉంటే ఎంత? యంత్రం మొరాయిస్తే రాత్రి రెండు గంటలకు లేచేది ఎవరు? ముసలితనం వయసుకు, ఒంటికి మాత్రమే సంబంధించిన విషయమైతే ఈ ప్రశ్నలు అక్కర్లేదు. కానీ ఒకే వయసు, ఒకే జబ్బు ఉన్న ఇద్దరు మనుషులు వేర్వేరు ఇళ్లలో వేర్వేరు ముసలితనాలు గడుపుతారు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూడడమే ఈ శాస్త్రం పని.

రైట్ అధ్యయనంలో ఇంకో రెండు యంత్రాలున్నాయి. మొదటిది హగ్. మంచం మీద నుంచి మనిషిని లేపి చక్రాల కుర్చీలోకి మార్చడానికి సాయపడుతుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నడుంనొప్పి ఎంత మామూలో తెలిసినవాళ్లెవరికైనా ఇది గొప్ప వరంగానే కనిపిస్తుంది. అయినా కొద్ది రోజులకే దాన్ని పక్కన పెట్టేశారు. గది గదికీ తోసుకెళ్లాలి, మనిషిని దానికి సరిగ్గా అమర్చాలి. ఇంతా చేసేసరికి చేతులతో ఎత్తి కూర్చోబెట్టేకంటే ఎక్కువ సమయం పట్టేది.

రెండోది పారో. మెత్తటి తెల్లబొచ్చుతో సీల్ పిల్ల రూపంలో ఉండే రోబో. తకనోరి షిబాతా అనే శాస్త్రవేత్త తయారుచేసిన ఈ బొమ్మ 2005 నుంచి జపాన్‌లో అమ్మకంలో ఉంది. 2009లో అమెరికా దీన్ని వైద్య పరికరంగా కూడా గుర్తించింది. నిమిరితే కళ్లు తిప్పుతుంది, కూస్తుంది. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లు దీన్ని ఒళ్లో పెట్టుకుంటే నెమ్మదిస్తారని నిర్వాహకుల ఆశ. చాలామంది విషయంలో అది నిజమే కూడా. కానీ ఆ ఆశ్రమంలో ఒకామె పారో పక్కన లేనిదే అన్నం తినేది కాదు, పడుకునేది కాదు. ఇంకొకరు దాని బొచ్చు ఊడబీకే ప్రయత్నంలో ఉండేవారు. దాంతో పారోను, దాన్ని పట్టుకున్న మనిషిని, ఇద్దరినీ కనిపెట్టుకుని ఉండే పని సిబ్బందికి కొత్తగా వచ్చిపడింది.

ఈ మూడు కథల్నీ చెప్పుకుని రోబోలు దండగ అని తేల్చేస్తే తేలికే. అసలు జపాన్ ఇంతగా వీటి వెంట ఎందుకు పడిందన్నది అంతకన్నా ఆసక్తికరం. దానికి యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1972లో అరియోషి సవాకో అనే రచయిత్రి రాసిన ఒక నవల జపాన్‌లో పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మతి తప్పిన మామగారికి సేవ చేస్తూ నలిగిపోయే ఉద్యోగస్థురాలైన కోడలి కథ అది. ప్రతి ఇంట్లోనూ జరుగుతున్నదే, ఎవరూ పైకి చెప్పుకోనిదే. మంచాన పడ్డ అత్తమామల్ని చూసుకోవడం అప్పట్లో అక్కడ కోడలి బాధ్యత. ఈ సంగతి మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదనుకుంటాను. ఆ తర్వాత ఆడవాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడగా, 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా అమల్లోకి వచ్చింది. నలభై ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు. దాదాపు సగం డబ్బు పన్నుల నుంచి వస్తుంది. 65 దాటిన మనిషికి సాయం అవసరమైతే అధికారులు వచ్చి పరీక్షించి ఏడు మెట్లలో ఏదో ఒకటి నిర్ణయిస్తారు. దాన్నిబట్టి ఇంటికొచ్చి స్నానం చేయించేవాళ్లు, పగటిపూట కేంద్రాలు, ఆశ్రమంలో మంచం, ఇలా సేవలు అందుతాయి. మామూలు ఆదాయం ఉన్నవాళ్లు ఖర్చులో పదోవంతు కట్టుకుంటే చాలు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఒకటుంది. 1995లో ఇలాంటి బీమానే తెచ్చిన జర్మనీలో, ఇంట్లోవాళ్లే చూసుకుంటే నగదు తీసుకునే వీలుంది. జపాన్ ఆడవాళ్లు నగదు వద్దన్నారు. చేతికి డబ్బిస్తే ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలుస్తుంది, సేవ మళ్లీ కోడలి మీదే పడుతుంది, పైగా డబ్బు తీసుకున్నావుగా అన్న మాట కూడా పడాలి. అందుకని డబ్బు కాకుండా మనిషి సాయమే కావాలన్నారు. ఇంటి గుట్టు తెలిసినవాళ్లు రాసిన చట్టంలా ఉంటుంది.

కోడలు చేసిన పని ఉద్యోగమైంది. అయితే కోడలు ఊరికే చేసిన పని కాబట్టి దానికి పెద్ద జీతం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. కష్టం ఎక్కువ, జీతం తక్కువ, మనుషులు నిలవరు. 2022లో జపాన్‌లో ఈ పని చేసేవాళ్లు దాదాపు 21.5 లక్షల మంది. 2040 నాటికి 27.2 లక్షల మంది కావాలని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. పిల్లలే తక్కువగా పుడుతున్న దేశంలో ఇంతమంది ఎక్కడినుంచి వస్తారు? జీతాలు బాగా పెంచడం ఒక దారి. విదేశీయుల్ని పిలవడం ఇంకొకటి. మొదటిది ఖరీదు, రెండోది రాజకీయంగా ఇబ్బంది. మూడో దారిగా రోబో కనిపించింది. 2007లో షింజో అబే ప్రభుత్వం ‘ఇన్నోవేషన్ 25’ పేరుతో 2025 నాటి కుటుంబాన్ని ఊహించి చూపించింది. అందులో ఇంటి పనుల్లో సాయపడే రోబో కూడా ఒక సభ్యుడే. 2025 వచ్చింది, వెళ్లింది. ఇళ్లలోకి ఆ రోబో రాలేదు. 2019లో తొమ్మిది వేలకు పైగా సంస్థల్ని అడిగితే, సంరక్షణ రోబో ఏదైనా తెచ్చుకున్నవి పదోవంతే.

అలాగని అన్నీ వమ్ము కాలేదు. పరుపు కింద పెట్టే సెన్సర్ల సంగతి చూడండి. మనిషి నిద్రలో ఉన్నాడా, లేచి కూర్చున్నాడా, ఊపిరి ఎలా ఉంది అన్నది ఉద్యోగి తెరమీద కనిపిస్తుంది. ఊరికే తలుపు తీసి చూసి నిద్ర చెడగొట్టే పని తగ్గింది. రోబోలు తెచ్చుకున్న జపాన్ ఆశ్రమాల్లో ఉద్యోగాలు తగ్గకపోగా, తాత్కాలిక ఒప్పందాల మీద పనిచేసేవాళ్ల సంఖ్య పెరిగిందని, మనుషుల్ని నిలుపుకోవడం కాస్త తేలికైందని ఎగిల్‌స్టన్, లీ, ఈజుకా అనే ఆర్థికవేత్తలు చూపించారు. యంత్రం మనిషి పొట్ట కొడుతుందన్న భయానికి ఇది ఎదురు సాక్ష్యం. ‘తాత్కాలిక’ అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

2024 ఏప్రిల్‌లో ఇంకో మార్పు వచ్చింది. కొన్ని రకాల ఆశ్రమాల్లో ముగ్గురు వృద్ధులకు కనీసం ఒక ఉద్యోగి ఉండాలన్నది నియమం. సెన్సర్ల వంటివి వాడుతూ కొన్ని షరతులకు లోబడితే ఆ ఒకటిని 0.9కి తగ్గించుకోవచ్చన్నారు. కాగితం మీద ఇది దశాంశమే. ముప్ఫై మంది ఉన్నచోట పదిమంది బదులు తొమ్మిది మంది. ఆ పదో మనిషి చేసిన పనిలో కొంత సెన్సర్ చేస్తుంది. మిగతాది, అంటే అన్నం తినేటప్పుడు పక్కన కూర్చోవడం, చెప్పిన కథనే మళ్లీ చెబుతుంటే వినడం, ఏ లెక్కలోనూ లేదు కాబట్టి పోయినా ఎవరికీ తెలియదు.

మన దగ్గర ఇలాంటి బీమా లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం బాధ్యతను పిల్లల మీదే పెట్టింది. ఆయుష్మాన్ భారత్‌లో 2024 అక్టోబరు నుంచి 70 దాటినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది, కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. తుంటి ఎముక విరిగి ఇంటికొచ్చిన తల్లిని ఆరు నెలలు ఎవరు లేపి కూర్చోబెడతారన్నది ఇంటి సమస్య. ఆ ఖాళీలోకే హాల్లో సీసీ కెమెరా, చేతికి స్మార్ట్ వాచీ, ఏజెన్సీ పంపిన కేర్‌టేకర్ వస్తున్నారు. కొడుకు డాలస్‌లో, తల్లి విజయవాడలో ఉంటే అలారం డాలస్ ఫోన్లో మోగుతుంది. అక్కడినుంచి ఎదురింటివాళ్లకు ఫోన్ వస్తుంది, పరిగెత్తేది వాళ్లు.

విదేశాల్లో ఉన్న కేరళ నర్సుల కుటుంబాల్ని పరిశీలించిన టాన్యా అహ్లిన్ ఫోన్ చేయడమే అక్కడ తల్లిదండ్రుల్ని చూసుకోవడంగా మారిందని రాసింది. అంటే ఆ ఫోన్ ఎత్తడం, చార్జింగ్ చూసుకోవడం, వీడియో కాల్ నేర్చుకోవడం ముసలివాళ్ల వంతు పని అన్నమాట. కెమెరా విషయంలో ఇంకో మాట కూడా ఉంది. అది తల్లిని చూడడానికి పెట్టారని చెబుతారు గానీ రోజంతా ఎక్కువగా చూసేది కేర్‌టేకర్‌ను. ఆమెను అడిగి పెట్టినవాళ్లు ఎంతమంది?

ఇక రోబోలు పూడ్చలేకపోయిన ఖాళీని జపాన్ చివరికి మనుషులతోనే పూడుస్తోంది. 2019లో విదేశీ ఉద్యోగుల కోసం కొత్త వీసా తెచ్చింది. 2021లో దాని మీద భారత్‌తో ఒప్పందం కుదిరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాన్ ఉద్యోగాలకు నర్సులకు శిక్షణ ఇచ్చి పంపుతోంది. తమ ఇంటివాళ్లను ఎవరికో అప్పగించి పరాయివాళ్లను చూసుకోవడానికి వెళ్లే ఇలాంటి వరుసను ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త సంరక్షణ గొలుసు అంది. ఈ వీసా మీద వెళ్లాలంటే జపనీస్ భాష పరీక్షతోపాటు వృద్ధుల సేవకు సంబంధించిన పరీక్షలూ పాసవ్వాలి. మామూలుగా ఉండనిచ్చేది అయిదేళ్లు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. ఆ తర్వాతా ఉండాలంటే అక్కడి జాతీయ స్థాయి పరీక్ష జపనీస్‌లో రాసి గట్టెక్కాలి. అప్పుడు మాత్రం భర్తను, పిల్లల్ని పిలిపించుకోవచ్చు. అమ్మానాన్నలను పిలిపించుకునే వీలు అప్పుడూ లేదు.