హంతకుడెవరో ముందే తెలిస్తే..?

పాలు పొయ్యి మీద పెట్టి మీరు పక్కగదిలో ఫోన్ మాట్లాడుతున్నారనుకోండి. గిన్నె సంగతే మర్చిపోయారు. వంటింటి గుమ్మంలో కూర్చున్న మీ అత్తగారికి పాలు పైకి రావడం కనిపిస్తోంది. పిలుద్దామంటే నోట్లో మాత్ర, మంచినీళ్ళు! ఆ నిమిషంలో ఆవిడ పడే అవస్థ ఉందే, థ్రిల్లర్ సినిమా మనచేత పడించేది సరిగ్గా అదే.

హిచ్‌కాక్ దీన్నే బాంబు ఉదాహరణతో చెప్పేవాడు. ఇద్దరు కూర్చుని కబుర్లాడుతుంటే బల్లకింద బాంబు హఠాత్తుగా పేలితే మనం ఉలిక్కిపడేది 15 సెకన్లు. అదే బాంబు ముందుగా మనకి చూపించేస్తే 15 నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటాం.

చాలామంది మాత్రం హంతకుణ్ణి దాచడమే థ్రిల్లర్ అనుకుంటారు. కత్తి నూరే వంటవాణ్ణి, చీకట్లో నిలబడ్డ తోటమాలిని పదేపదే చూపిస్తే, పాపం అతను అమాయకుడని మా చిన్నమ్మాయి కూడా ఇట్టే చెప్పేస్తుంది. నవ్వుతూ సాయంచేసే పెద్దమనిషి మీదే మా అనుమానమంతా! కరెంటు పోవడం, ఫోన్ తీగ తెగడం (ఇప్పుడైతే సెల్‌కి సిగ్నల్ అందకపోవడం) ఎలాగూ ఉంటాయి. చప్పుడైన గదిలోకి ఒంటరిగా వెళ్ళే హీరోయిన్ని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. లైటు వేసుకుని వెళ్ళకూడదటమ్మా?

సాదాసీదా మనుషులు అనుకోకుండా చిక్కుల్లో పడటం ఇంకో ఆనవాయితీ. 1991లో వచ్చిన 'క్షణ క్షణం'లో శ్రీదేవి చేతికి దొంగసొమ్ము తాలూకు రసీదు రావడంతోనే కదా ఆ పరుగంతా!

ఇవన్నీ ఒక ఎత్తు, 2014లో వచ్చిన 'దృశ్యం' ఒక ఎత్తు. 2013 నాటి మలయాళ సినిమాకి తెలుగు రూపం అది. అందులో దాచిందేమీ లేదు. కుర్రాడు ఎలా చనిపోయాడో మన కళ్ళముందే జరుగుతుంది. స్నానం చేస్తుంటే వీడియో తీసి బెదిరించాడు, ఆడపిల్ల తిరగబడింది. ఇక కేబుల్ టీవీ నడుపుకునే వెంకటేష్ బస్సు టిక్కెట్లు, హోటల్ బిల్లులు కూడబెడుతుంటే మనమూ ఆ ఇంట్లో మనుషులమైపోతాం. పోలీసులు చిన్నపిల్లని ప్రశ్నిస్తున్నప్పుడు నేను చీరకొంగు నలిపేశాను. నిజం బయటపడకూడదని దణ్ణాలు పెట్టుకున్నాను!

తీరా ఆఖర్లో, కొడుకేమయ్యాడో చెప్పమని ఆ పోలీసు తల్లి, నదియా, అడుగుతుంటే గొంతులో ఏదో అడ్డంపడింది. ఆవిడా తల్లే కదండీ. ఇంతసేపూ నేను ఎవరి పక్షాన ఉన్నట్టు?

శవం ఎక్కడుందో చెప్పను, చూడనివాళ్ళు చూడండి. ఆ రాత్రి పక్కలు వేస్తుంటే మా పెద్దమ్మాయి, "అమ్మా, నువ్వయితే ఏం చేసేదానివే?" అంది. దుప్పటి దులుపుతూ ఉండిపోయాను.